బిగింపు బాబాయీ, కదలాల్సిన ఫ్లాపూ

నౌకాదళం విమానాల షెడ్డులో ఆయన్ని అసలు పేరుతో పిలిచేది హాజరు పట్టీ గుమస్తా ఒక్కడే. అదీ ఉదయం ఒకసారి, గొంతు సవరించుకుని. మిగతా అందరికీ ఆయన బిగింపు బాబాయ్. ఆ పేరు పెట్టింది ఎవరో ఎవరికీ గుర్తులేదు గానీ, పెట్టినవాళ్ళకి మనుషుల్ని చూసే కన్ను ఉందని మాత్రం అందరూ ఒప్పుకునేవారు.

బాబాయ్ తండ్రి విరిగిన కుర్చీలు బాగుచేసేవాడు. అందువల్ల కాబోలు, నాలుగు కాళ్ళలో ఒకటి ఊగే కుర్చీ కనబడితే ఈయనకి చిన్నప్పట్నుంచీ ప్రాణం నిలిచేది కాదు. ఏడేళ్ళ వయసులో ఎవరింటికో పెళ్ళిచూపులకి వెంట తీసుకెళ్తే, పెళ్ళికూతురు వచ్చి కూర్చున్న సమయానికి ఈయన బల్ల కింద దూరి, ఊగుతున్న కాలి కింద కాగితం మడిచి పెడుతున్నాడు. ఆ సంబంధం కుదర్లేదు. అందుకు కారణం ఈయనే అని మేనత్త చచ్చేదాకా అంటూనే ఉంది. బల్ల మాత్రం మళ్ళీ ఊగలేదని ఈయన చచ్చేదాకా అనేట్టే ఉన్నాడు.

ఇంట్లో తలుపు గడియలు, కిటికీ రెక్కలు, మంచం పట్టీలు, దేన్ని పట్టుకుని ఊపినా రాయిలా నిలబడేవి. కుళాయి ఈయన కట్టాడంటే మళ్ళీ ఈయనే విప్పాలి. నీళ్ళసీసా మూత ఈయన పెడితే భార్య దాన్ని చంకలో పెట్టుకుని ఎదురింటికి వెళ్ళేది. ఎదురింటాయన ఒకప్పుడు బరువులెత్తే పోటీల్లో పాల్గొన్నవాడు.

"మీ ఆయన మళ్ళీ దాహం తీర్చుకున్నాడా అమ్మా?" అనేవాడు ఆయన సీసా అందుకుంటూ.

భార్య ఉద్యోగం బస్ స్టేషన్‌లో, ఎంక్వైరీ కిటికీ వెనక. పందొమ్మిదేళ్ళుగా రోజుకి కొన్ని వందల మొహాలు చూసీ చూసీ, మనిషి నోరు తెరవకముందే ఏ బస్సు కావాలో చెప్పేసే స్థాయికి చేరింది. బస్సు తప్పిపోయినవాళ్ళ నడక వేరు, తప్పిపోతుందేమోనని భయపడేవాళ్ళ నడక వేరు అనేది. అలాంటి మనిషి దగ్గర బాబాయ్ ఇరవై రెండేళ్ళ కాపురంలో ఒక్క విషయం కూడా దాచలేకపోయాడు. ప్రయత్నం చెయ్యక కాదు.

ఆయన పని ఫ్లాపులు. విమానం రెక్క వెనక అంచున, కిందికి వంగే పెద్ద పలకలవి. దిగేటప్పుడు వాటిని కిందికి దించితే గాలి ఎక్కువ ఆసరా ఇస్తుంది, విమానం నెమ్మదిగా వచ్చినా నిలబడుతుంది. బాబాయ్ ప్రతి విమానం కిందకీ వెళ్ళి, ఫ్లాపు అంచుని రెండు చేతులా పట్టుకుని, తల ఒక పక్కకి వాల్చి, ఊపేవాడు. "టక్" మన్నదంటే ఆ విమానం ఆ రోజుకి కదలదు. ఇక ఎంతటి అధికారి వచ్చి అరిచినా ఈయన స్పానర్ పట్టుకుని రెక్క కింద కూర్చునేవాడు. పైలట్లు మెట్లెక్కే ముందు "బాబాయ్ ఊపాడా?" అని అడిగేవారు. ఊపాడంటే ఎక్కేవారు.

అలాంటి మనిషి దగ్గరికి ఇంజనీరమ్మ వచ్చింది.

ముప్పై ఏళ్ళుంటాయేమో. చేతిలో చుట్టిన డ్రాయింగుల కట్ట, చెవి వెనక పెన్సిలు. జుట్టులో ఇంకో పెన్సిలుండేది గానీ ఆ సంగతి ఆమెకి తెలిసేది కాదు, మూడో దానికోసం వెతుక్కుంటూ ఉండేది. ఓడ మీద దిగే విమానాల కోసం ఆమె కొత్త పద్ధతి ఒకటి ఆలోచించింది. దాన్ని పాత విమానం ఒకదానికి బిగించి చూడాలి. బిగించే పని బాబాయ్‌కి అప్పగించారు. క్యాంటీన్‌లో కూర్చోబెట్టి ఆమె విషయం చెప్పింది.

"ఓడ మీద దిగడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు బాబాయ్ గారూ. విమానం తోకకున్న కొక్కెం, డెక్కు మీద అడ్డంగా కట్టిన ఇనుపతాళ్ళలో ఒకదాన్ని పట్టుకోవాలి. కాస్త ఎత్తులో వస్తే తాళ్ళన్నీ దాటిపోతుంది. తక్కువలో వస్తే..." అని ఆగిపోయింది.

"తెలుసమ్మా" అన్నాడు బాబాయ్.

"ఇప్పుడు దిగుతూ దిగుతూ విమానం కొంచెం కిందికి జారిందనుకోండి. పైలట్ ఏం చేస్తాడు?"

ఆమె పక్కనున్న ట్రేని రెండు చేతుల్లోకి తీసుకుంది. అందులో ఆరు గ్లాసుల టీ ఉంది.

"ముక్కు పైకెత్తుతాడు. ఇలా."

ఆరు గ్లాసులూ వరసగా జారి బాబాయ్ ఒళ్ళోకి వచ్చాయి.

"ఇదీ సమస్య!" అంది ఇంజనీరమ్మ ఉత్సాహంగా. ఆ తర్వాత ఏం జరిగిందో గమనించి నాలుక్కరుచుకుంది. బాబాయ్ లేచి ప్యాంటు దులుపుకుని, వేరే కుర్చీలో కూర్చున్నాడు. ఆమె ఈసారి ఖాళీ ట్రే పట్టుకుంది.

"ముక్కెత్తితే తోక దిగుతుంది, కొక్కెం ఎత్తు మారిపోతుంది. వేగం కూడా తగ్గుతుంది. వేగం కోసం ఇంజన్ పెంచాలి. జెట్ ఇంజనేమో పిలవగానే పలకదు, రెండు మూడు సెకన్లు ఆలోచించుకుంటుంది. ఈలోగా ఓడ వచ్చేస్తుంది. అందుకని ట్రేని వంచకుండా, ఉన్నదున్నట్టుగా పైకి లేపాలి. ఫ్లాపులు మధ్యస్థంగా దించి పెడతాం. పైలట్ బొటనవేలి కింద ఒక చిన్న చక్రం. ఇటు తిప్పితే ఫ్లాపులు ఇంకాస్త దిగుతాయి, విమానం ముక్కు కదలకుండా అలాగే పైకి తేలుతుంది. అటు తిప్పితే ఫ్లాపులు కాస్త లేస్తాయి, విమానం అలాగే దిగుతుంది. చాలా తొందరగా. రెప్పపాటులో."

బాబాయ్ కాసేపు ఆ ట్రే వంకే చూశాడు.

"అంటే, దిగుతున్నంతసేపూ ఫ్లాపు కదుల్తూ ఉంటుందామ్మా?"

"అవును."

"ఆగకుండా?"

"ఆగితే ఎలాగండీ?"

బాబాయ్ మొహం, ఇంటికి నిప్పంటించమని అడిగినవాణ్ణి చూసినట్టుగా అయింది. కానీ ఆయన క్రమశిక్షణ ఎరిగిన మనిషి. డ్రాయింగులు తీసుకున్నాడు. నాలుగు నెలలు ఆ విమానం రెక్కల కిందే గడిపాడు. ఫ్లాపుని నూనె ఒత్తిడితో నడిపే పాత జాకీకి తోడుగా ఇంకో చిన్న జాకీ అమర్చాడు. చక్రం తిప్పినప్పుడు ఫ్లాపుని పైకీ కిందికీ ఆడించేది అదే. రెక్కకొక తాళం బోల్టు, మన బొటనవేలంత ఉంటుంది. ఆ బోల్టు తోసి బిగిస్తే చిన్న జాకీ పనిచెయ్యదు, విమానం మామూలు విమానంలా ఉంటుంది, భయమేం లేదు. తీసేస్తే కొత్త పద్ధతి పనిచేస్తుంది. ఆ మొత్తం అమరికలో బాబాయ్‌కి మనస్ఫూర్తిగా నచ్చింది ఆ బోల్టొక్కటే.

మొదటి పరీక్ష రోజు వచ్చింది. ఓడ మీద కాదు, నేల మీదే. రన్‌వే మీద తెల్లరంగుతో ఓడ డెక్కు కొలతలు గీశారు. విమానం ఐదుసార్లు వచ్చి చక్రాలు ఆనించి మళ్ళీ లేవాలి. చక్రాలు ఎక్కడ తాకాయో ఇంజనీరమ్మ టేపు పట్టుకుని కొలవాలి.

విమానం నడిపే టెస్ట్ పైలట్ చాలా పేరున్నవాడు. కుడిచేతి చూపుడువేలు గాల్లో ఆడిస్తూ మాట్లాడేవాడు. విమానం ఏమంటోందో తన నడుం కింది భాగానికి ముందే తెలిసిపోతుందని, మీటర్లవీ చూసుకోవడం కొత్తవాళ్ళ పని అని ఆయన నమ్మకం.

పొద్దున్నే బోల్టు తీసి చూశారు. చక్రం తిప్పితే ఫ్లాపులు చక్కగా ఆడాయి. అందరూ చప్పట్లు కొట్టారు. బాబాయ్ మాత్రం అటు తిరిగి నిలబడ్డాడు. అంతలో పొగమంచు పట్టింది. ఇంజన్ ఆపేసి అంతా టీలకి వెళ్ళారు. బాబాయ్ ఒక్కడే విమానం దగ్గర మిగిలాడు. అలవాటు కొద్దీ రెక్క కిందికి వెళ్ళాడు. అలవాటు కొద్దీ ఫ్లాపు అంచు పట్టుకుని ఊపాడు. నూనె ఒత్తిడి లేదు గనక అది లొటలొటలాడింది. ఆ తర్వాత చేతులు ఏం చేశాయో బాబాయ్‌కి ఆ క్షణంలో తెలియలేదు.

మంచు విడింది. అదే సమయానికి నౌకాదళ స్థావరం పెద్దాయన కార్లో వచ్చి దిగాడు. ఆయనకి ఇంకో చోట సమావేశం ఉంది. "కానివ్వండి, కానివ్వండి" అన్నాడు. మళ్ళీ సరిచూసుకునే వ్యవధి లేకుండా విమానం లేచిపోయింది.

ఐదుసార్లు దిగింది. ఇంజనీరమ్మ టేపుతో పరుగెత్తి కొలిచింది. పోయిన వారం పాత పద్ధతిలో దిగినవాటికంటే నయమే అనిపించింది. విమానం షెడ్డు ముందుకొచ్చి ఆగాక పైలట్ కిందికి దిగి హెల్మెట్ తీశాడు. కళ్ళు మెరిసిపోతున్నాయి.

"ఏం చెప్పమంటారు! వెన్నముద్ద మీద కూర్చుని జారినట్టుంది. ఇలా బొటనవేలు తాకిస్తే చాలు, విమానం లిఫ్టులా లేస్తోంది. ఇలా అంటే దిగుతోంది. ముక్కు చూస్తే ఇసుమంతైనా కదల్లేదు. పదిహేనేళ్ళ నుంచి ఎగురుతున్నా. ఇలాంటిది నా ఒంటికి ఇప్పటిదాకా తెలీదు!"

ఇంజనీరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్దాయన పైలట్ భుజం తట్టాడు. ఆయనకి సమావేశం కూడా గుర్తులేదు.

ఫ్లాపుల కదలికని కాగితం మీద గీసే పరికరం ఇంకా రాలేదు. అందుకని పైలట్ మాటే రుజువు. ఆ రుజువు అలా సాగుతూ ఉండగా, బాబాయ్ విమానానికి తాళం వేద్దామని రెక్క కిందికి దూరి మూత తెరిచాడు. బోల్టు పెట్టబోయాడు. పెట్టే చోట బోల్టు ఉంది.

చేతిలో ఉన్నది తన స్పానర్ అని అప్పుడు గమనించాడు. మళ్ళీ చూశాడు. కుడి రెక్కలోదీ ఉంది. ఎడమ రెక్కలోదీ ఉంది. రెండూ చక్కగా, నిండుగా బిగించి ఉన్నాయి. ఐదుసార్లు దిగినంతసేపూ ఆ ఫ్లాపులు వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

బయట పైలట్ గొంతు వినిపిస్తోంది. "ముఖ్యంగా మూడోసారి, ఆహా!"

బాబాయ్ మూత పెట్టేసి, సైకిలెక్కి ఇంటికి వెళ్ళిపోయాడు.

భార్య తలుపు తీసి ఒక్కసారి చూసింది.

"ఏం బిగించారండీ?"

"నేనేం చెయ్యలేదే."

"చెప్పులు కుడిది ఎడమకి, ఎడమది కుడికి విప్పారు. ఏం బిగించారు?"

చెప్పాడు. ఆమె మొహం అటు తిప్పుకుంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని బాబాయ్ కంగారుపడి దగ్గరికెళ్ళాడు. ఏడవడం లేదు.

"నవ్వకే. ఆ పిల్ల రిపోర్టు రాస్తోంది. రేపు పైకి పంపేస్తారు. అది చదివి నిజమైన విమానాలకి పెట్టేస్తారు. ఓడ మీద."

"అయితే పొద్దున్నే వెళ్ళి చెప్పండి."

"మెమో ఇస్తారు. ఇరవై రెండేళ్ళలో ఒక్క మెమో లేదు నాకు."

"చెప్పకపోతే ఇవ్వరా?"

"చెప్పకపోతే ఎవరికీ తెలీదు."

"నాకు తెలుసుగా" అంది ఆమె. "నేను రోజూ మీ మొహం చూస్తుంటాగా."

మర్నాడు బాబాయ్ అందరికంటే ముందు వెళ్ళి ఇంజనీరమ్మ గది బయట నిలబడ్డాడు. ఆమె రిపోర్టు కాగితాలు పట్టుకుని వచ్చింది. ఆయన చెప్పింది విన్నది. మొహం పాలిపోయింది.

"ఐదుసార్లూనా?"

"ఐదుసార్లూ అమ్మా."

"రెండు రెక్కలూనా?"

"ఒకటే బిగించి వదిలే మనిషినా నేను?"

ఆమె అక్కడే ఉన్న పనిముట్ల పెట్టె మీద కూర్చుంది. కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది. చూస్తూ చూస్తూ ఉండగా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. తర్వాత నిజంగానే కాస్త ఏడ్చింది. నాలుగు నెలల పని. తన పద్ధతి పనిచేస్తుందో లేదో ఇప్పటికీ తెలియదన్నమాట. పోయిన వారం కంటే బాగా దిగడానికి కారణం, పైలట్ మరింత శ్రద్ధగా నడపడం, గాలి లేకపోవడం, అంతే.

ఇద్దరూ కలిసి పెద్దాయన గదికి వెళ్ళారు. పెద్దాయన నిన్న సాయంత్రమే పైవాళ్ళకి ఫోన్ చేసి, అద్భుతం జరిగిందని చెప్పి ఉన్నాడు. విషయం విని కుర్చీలో వెనక్కి వాలాడు. కాసేపు ఫ్యాను వంక చూశాడు. ఆ తర్వాత చాలా మెత్తగా అడిగాడు.

"బాబాయ్, ఒక్కటి ఆలోచించండి. గాల్లో అంత అదురు ఉంటుంది కదా. ఆ అదురుకి బోల్టు కాస్త వదులై ఉండొచ్చు. ఫ్లాపు ఎంతో కొంత, ఏదో కొంచెమన్నా కదిలి ఉండొచ్చు. అవునా?"

తప్పించుకోవడానికి తలుపు బార్లా తెరిచిపెట్టాడు పెద్దాయన. ఆ సంగతి ఇంజనీరమ్మకి అర్థమైంది. బాబాయ్‌కి కూడా అర్థమైంది. కానీ ఆయన ఛాతీ ఒక్కసారిగా బిగుసుకుంది.

"అయ్యా, మెమో ఇవ్వండి, సస్పెండ్ చెయ్యండి. అంతేగానీ, నేను బిగించింది వదులైందనకండి."

మెమో ఇచ్చారు.

పైలట్‌కి చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. ఆయన ముందు నవ్వాడు, తర్వాత ఎర్రబడ్డాడు. "కదలకపోతే నాకెలా తెలిసింది? లిఫ్టులా లేచింది నేను చూడలేదా? మీ బాబాయ్ పొరబడి ఉంటాడు. వయసైపోతోంది" అన్నాడు. వయసు మాటకి బాబాయ్ బాధపడలేదు. పొరబాటు మాటకి రెండ్రోజులు అన్నం సయించలేదు.

అప్పుడు ఇంజనీరమ్మకి ఆలోచన తట్టింది. జుట్టులోంచి పెన్సిలు తీసి (ఆ రోజు అది దొరికింది) గీసి చూపించింది. పన్నెండు రోజులు, రోజుకి ఆరుసార్లు దిగడం. ఒక డబ్బాలో పన్నెండు చీటీలు. ఆరింటి మీద 'లోపల', ఆరింటి మీద 'బయట'. రోజూ బాబాయ్ ఒక చీటీ తీసి, ఎవరికీ చూపించకుండా, దాని ప్రకారం బోల్టులు పెట్టడమో తియ్యడమో చెయ్యాలి. చీటీ కవర్లో పెట్టి అంటించెయ్యాలి. పైలట్ కూర్చునే చోటికి ఫ్లాపులు కనిపించవు. కొలిచేవాళ్ళు విమానం దిగేదాకా నేల వంకే చూడాలి. సాయంత్రం పైలట్ తన ఒంటికి ఏం తెలిసిందో రాసివ్వాలి.

"అంటే అసలు విషయం ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు పెద్దాయన.

"బాబాయ్ గారొక్కరికే."

షెడ్డంతా బాబాయ్ వైపు తిరిగింది. అప్పటిదాకా ఆయన మొహం ఎలా ఉంటుందో సరిగ్గా చూసినవాళ్ళు తక్కువ. ఎప్పుడూ రెక్క కింద కాళ్ళే కనిపించేవి.

మొదటిరోజు అందర్నీ గోడవైపు తిరిగి నిలబడమన్నారు. బాబాయ్ చీటీ తీశాడు, చదివాడు, రెక్క కిందికి వెళ్ళాడు. బోల్టు పెడితే ఒక చప్పుడు, తీస్తే ఇంకో చప్పుడు వస్తుందని ఆయనకి తెలుసు. అందుకని రోజూ పెట్టి, తీసి, పెట్టి, తీసి, నాలుగైదుసార్లు చేసి ఎక్కడ ఆపాలో అక్కడ ఆపేవాడు. గోడవైపు తిరిగి లెక్కబెడుతున్న వాళ్ళంతా మూడోదాని దగ్గర తికమకపడేవారు.

చప్పుడు సంగతి సరే, మొహం సంగతి ఏం చెయ్యాలి?

రెండోరోజు పైలట్ మెట్లెక్కుతూ ఆగి, "బాబాయ్, మొహం కళకళలాడిపోతోందే ఇవాళ! లోపలుంది కదూ?" అన్నాడు. బాబాయ్ చటుక్కున తల వంచుకున్నాడు. "ఓహో, తల వంచుకున్నారా? అయితే బయటే" అన్నాడు పైలట్. పెద్దాయన కూడా ఒకసారి నడవాలో ఎదురుపడి, "ఊరికే అడుగుతున్నా, పద్ధతి కోసం కాదు" అన్నాడు. క్యాంటీన్‌లో వంటాయన టీలో చక్కెర రెండింతలు వేసి ఇచ్చి, తాగుతున్నంతసేపూ ఎదురుగా నిలబడ్డాడు.

మూడోరోజు బాబాయ్ వెల్డింగ్ మాస్కు పెట్టుకుని వచ్చాడు. నల్ల అద్దం, ఇనప రేకు, గడ్డం కింద పట్టీ. ఆ పట్టీ కూడా బిగించాడు. మిగిలిన పది రోజులూ పని చేస్తున్నంతసేపు అలాగే తిరిగాడు. దారి సరిగ్గా కనిపించక రెండుసార్లు పెద్దాయన కారుకి డీకొట్టాడు. దండం పెట్టింది కూడా కారుకే.

ఇంటికి మాస్కు పెట్టుకెళ్ళలేదు. ఇల్లాలికి విమానాలతో పని లేదు, ఆమె పైలట్‌కి చెప్పే అవకాశమూ లేదు. పైగా ఆమె ఒక్క మాట కూడా అడగలేదు. పన్నెండు రోజుల్లో ఒక్కసారీ అడగలేదు. దానికి బాబాయ్ లోలోపల కాస్త నొచ్చుకున్నాడు కూడా.

పదమూడో రోజు కవర్లు విప్పారు. పెద్దాయన గదిలో అందరూ నిలబడ్డారు, బాబాయ్ ఇంకా మాస్కులోనే. ముందు పైలట్ రాసిచ్చిన కాగితాలు చదివారు. పన్నెండు రోజుల్లో ఏడు రోజులు సరిగ్గా చెప్పాడు. ఐదు తప్పు. నాణెం ఎగరేసినా ఇంచుమించు అంతే వస్తుంది. 'ఇవాళ ఖచ్చితంగా పనిచేస్తోంది, దేవతలు మోసినట్టుంది' అని రాసిన రోజున బోల్టు లోపలుంది. 'మొద్దులా ఉంది, దీనికంటే ఎడ్లబండి నయం' అని రాసిన రోజున బయటుంది.

గదిలో ఎవరూ పైలట్ వైపు చూడలేదు.

తర్వాత ఇంజనీరమ్మ కొలతల కాగితం గోడకి అంటించింది. బోల్టు లోపలున్న రోజుల్లో చక్రాలు తాకిన చోట్లకి ఎర్ర చుక్కలు, బయటున్న రోజులకి నీలం చుక్కలు. ఎర్రచుక్కలు డెక్కు గీతల పొడవునా, చేతిలోంచి జారిన పూసల్లా చెల్లాచెదురుగా పడ్డాయి. రెండైతే గీత బయటే ఉన్నాయి. నీలం చుక్కలు ముప్ఫై ఆరూ ఒక్క చోట గుమిగూడి ఉన్నాయి. ఓడ మీదైతే ప్రతిసారీ కొక్కెం తాడుకి తగిలేది.

పద్ధతి పనిచేస్తోంది. పైలట్ ఒంటికి తెలిసినా తెలియకపోయినా, అతని బొటనవేలూ ఆ ఫ్లాపులూ కలిసి విమానాన్ని సరైన చోటుకే తెస్తున్నాయి.

అందరికంటే ముందు కదిలింది పైలట్. గోడ దగ్గరికి వెళ్ళి, నీలం చుక్కల్ని వేలితో ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టాడు. చాలాసేపు పట్టింది.

"రిపోర్టులో నేను చెప్పిందేం రాయకండి" అన్నాడు ఇటు తిరిగి. "టైర్లు చెప్పింది రాయండి." తర్వాత బాబాయ్ దగ్గరికి వచ్చి, మాస్కు అద్దంలోకి తొంగిచూసి, "మీరు పొరబడ్డారన్నాను. తప్పయింది బాబాయ్" అన్నాడు.

బాబాయ్ ఏదో అన్నాడు. మాస్కులోంచి ఎవరికీ వినబడలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో బాబాయ్ భార్యకి జరిగిందంతా చెప్పాడు. పైలట్‌కి పన్నెండింట్లో ఏడే వచ్చాయని చెప్పాడు. ఆమె లేచి గోడ మీది కేలండర్ తెచ్చి ముందు పెట్టింది. పన్నెండు తేదీల పక్కన పెన్సిల్‌తో చిన్న చిన్న గుర్తులున్నాయి. సున్నా అంటే బయట, అడ్డగీత అంటే లోపల. బాబాయ్ ఒక్కొక్కటే గుర్తుచేసుకుంటూ చూశాడు. పన్నెండుకి పన్నెండూ సరిపోయాయి.

"ఎలా తెలిసిందే నీకు?"

"బోల్టు లోపలున్న రోజున ఇంటికొచ్చి హాయిగా కునుకు తీశారు. బయటున్న రోజున కిటికీ గడియ పట్టుకుని ఊపారు. ఇందులో తెలియకపోవడానికి ఏముందండీ?"

ఈ సంగతి మర్నాడు షెడ్డులో తెలిసింది. పైలట్ ముందు తలపట్టుకున్నాడు. తర్వాత తనే ఒక ఆదివారం భార్యాభర్తలిద్దర్నీ చూడ్డానికి ఇంటికి వచ్చాడు. ఆమె తలుపు తీసి, "లోపలికి రండి. స్కూటర్ ఆగిపోతే నడిచొచ్చారు కదూ, కూర్చోండి, నీళ్ళిస్తాను" అంది. నీళ్ళసీసా తెచ్చింది. ఆమె, పైలటూ ఇద్దరూ మూత తిప్పబోయి ఓడిపోయాక, పైలటే దాన్ని తీసుకుని ఎదురింటికి వెళ్ళాడు.

ఏడాది తిరక్కుండా ఆ పద్ధతిని అసలు ఓడ మీద పరీక్షించడానికి అనుమతి వచ్చింది. బయల్దేరే ముందు చక్రం తిప్పి ఫ్లాపు కదలికను ఖచ్చితంగా సరిచూడాలన్న కొత్త నిబంధన కూడా అప్పుడే పుట్టింది. దాన్ని రాసింది బాబాయే. ఇంజనీరమ్మ పట్టుబట్టి ఆయన్ని ఓడకి తీసుకెళ్ళింది.

బాబాయ్ అంతవరకూ ఓడెక్కలేదు. మొదటిరోజు ఉదయం ఎక్కాడు. మధ్యాహ్నానికి మంచం పట్టాడు. నేల ఊగుతోంది, గోడలు ఊగుతున్నాయి, వేలాడదీసిన చొక్కా ఊగుతోంది. ఈ మొత్తంలో ఎక్కడ బిగించాలో ఆయనకి అర్థం కాలేదు. రెండ్రోజులు బకెట్ పక్కన పెట్టుకుని, కళ్ళు మూసుకుని పడుకున్నాడు. ఇంజనీరమ్మ గంటకోసారి వచ్చి నిమ్మరసం ఇచ్చేది.

మూడోరోజు తలుపు తోసుకుని వచ్చింది. "దిగింది బాబాయ్ గారూ! నాలుగుకి నాలుగుసార్లూ తాడు పట్టింది! రండి, చూద్దురుగాని."

ఆమె భుజం పట్టుకుని ఆయన మెట్లెక్కాడు. డెక్కు మీద గాలి కొడుతోంది. విమానం రెక్కలు మడుచుకుని ఒక పక్కన ఆగి ఉంది. పైలట్ పైనుంచి చెయ్యూపాడు. బాబాయ్ అటు చూడలేదు. రెక్క కింద డెక్కు మీద అరచెయ్యంత ఎర్రటి తడి మరక కనబడింది. వంగి వేలితో తాకి, వాసన చూశాడు.

"నూనె" అన్నాడు.

"అయ్యో, లీకా?" ఇంజనీరమ్మ గాభరాపడింది.

"మరి కాదా అమ్మా? అంతసేపు ఆగకుండా ఆడుతుంటే చిన్న జాకీలో నూనె కారకుండా ఉంచే సీలు ఎంతకాలం ఆగుతుంది? ఇకమీద పదిసార్లు దిగినప్పుడల్లా విప్పి చూడాల్సిందే. నేను చూడాల్సిందే. వేరేవాళ్ళ వల్ల కాదు."

ఆయన మొహంలోకి రంగు తిరిగి వచ్చింది. స్పానర్లు తెమ్మని కేకేసి, చొక్కా చేతులు మడిచి, రెక్క కిందికి దూరాడు. ముప్పావుగంట సేపు బయటికి కాళ్ళు మాత్రమే కనిపించాయి. ఓడ ఈ పక్కకి ఒరిగింది, ఆ పక్కకి ఒరిగింది. లోపల్నుంచి మాత్రం ఏదో పాట సన్నగా వినబడుతూనే ఉంది.

సీలు మార్చి, మూత పెట్టి, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి నిలబడ్డాక గానీ తనకి కడుపులో తిప్పుతోందన్న సంగతి ఆయనకి గుర్తుకు రాలేదు. అప్పుడు పరుగెత్తాడు.